పవర్ బ్యాంకుకీ గేముకీ మధ్య దుబాసీ

“మావయ్యా, మా ఫ్రెండుది 65 వాట్ల పవర్ బ్యాంకు. దాంతో నా నింటెండో స్విచ్‌కి చార్జింగ్ పెడితే కాలిపోద్దా?”

భువనేశ్వర్‌లో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారకముందే మా ఊరు రాయగడలో దిగి, ఇంట్లో ఓ కునుకు తీసి, నేను రిపేరు కొట్టు తెరిచేసరికి గుమ్మంలో నిలబడి మా మేనల్లుడు అడిగిన మొదటి మాట ఇది. స్విచ్ అంటే చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్. ఇకపై నేను గేమ్ అన్నా అలాంటి మెషీన్ అనే. రాత్రి 11 దాటాక బెర్త్ పక్కనున్న చార్జింగ్ పాయింట్‌లో కరెంటు పోయిందట. చాలా రైళ్ళలో 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా వాటికి కరెంటు తీసేస్తారు. అందరూ నిద్రపోతున్నప్పుడు చార్జింగ్‌లో ఉన్న వస్తువేదో వేడెక్కి నిప్పంటుకోకూడదని పెట్టుకున్న జాగ్రత్త అది. పక్క బెర్త్ స్నేహితుడు తన పవర్ బ్యాంకు ఇస్తానన్నాడు. ఫోన్లో మా అక్క “వద్దురా, అంత పెద్దది పెడితే పేలిపోద్ది” అంది. పాపం, వాడు రాత్రంతా నల్లటి స్క్రీను చూసుకుంటూ వచ్చాడు.

కాలిపోదు అని వాడికి చెప్పాను. అయితే అంతటితో ఊరుకుంటే నేను చెప్పింది సగం అబద్ధమే. ఎందుకంటే ఆ నెలలోనే నా రిపేరు బల్ల మీదకి ఇంకో స్విచ్ ప్రాణం పోయి వచ్చింది. దాన్ని తగిలించింది 65 వాట్లదానికి కాదు, 20 వాట్ల చిన్నదానికి. పెద్దది ఏమీ చేయకుండా చిన్నది ఎందుకు చంపిందో అర్థమైతే ఈ వ్యవహారంలో ముప్పావు వంతు అర్థమైనట్టే.

ముందు వాట్ల భయం సంగతి. మీ ఇంటికొచ్చే కరెంటు తీగ గీజరునీ నడుపుతుంది, దేవుడి గదిలో జీరో బల్బునీ వెలిగిస్తుంది. గీజరు నడిపే లైనుకి పెట్టాం కదా అని జీరో బల్బు పేలిపోదు. తనకెంత కావాలో అంతే లాక్కుంటుంది. పవర్ బ్యాంకు మీద రాసే వాట్లు కూడా అలాంటివే. అది ఇవ్వగలిగిన గరిష్ఠం తప్ప, అవతలివాడి నోట్లో బలవంతంగా కుక్కేది కాదు. ఆంపియర్లు లాక్కునేది గేమ్. ఇచ్చేవాడి చేతిలో ఉండేది వోల్టేజి. ప్రమాదం వస్తే అక్కడే వస్తుంది. గాలివానలో స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజు వీధిలో టీవీలన్నీ ఒక్కసారే పోతాయి చూడండి, అది వోల్టేజి చేసే పని.

మరి 20 వోల్టుల దాకా ఇవ్వగల పవర్ బ్యాంకు 5 వోల్టులే తట్టుకునే వస్తువుని ఎందుకు కాల్చేయదు? రెండూ ముందు మాట్లాడుకుంటాయి కాబట్టి.

మా ఊళ్ళో బేరం ఎలా మొదలవుతుందో చూసినవాళ్ళకి ఇది ఇట్టే తెలుస్తుంది. కొత్త మనిషి వస్తే ముందు ఒడియాలో పలకరిస్తాం. అతను తెలుగులో జవాబిస్తే తెలుగులోకి దిగుతాం. గుణుపురం వైపు నుంచి వచ్చిన సవర పెద్దాయనైతే వచ్చిన నాలుగు సవర ముక్కలూ వాడతాం. ఏదీ కలవకపోతే వేళ్ళు చూపించి పని కానిస్తాం. టైప్-సి పోర్టులో జరిగేది అచ్చం ఇదే. అందులో వేళ్ళ భాష 5 వోల్టులు. ఏ పవర్ బ్యాంకైనా, ఏ గేమైనా అక్కడే మొదలుపెట్టాలి. ఆ తర్వాత సీసీ అనే చిన్న పిన్ను మీద అసలు సంభాషణ నడుస్తుంది. పవర్ బ్యాంకు తన దగ్గరున్న సరుకు చదువుతుంది: 5 వోల్టులు, 9, 15, 20, ఒక్కోదాని దగ్గర ఇన్నిన్ని ఆంపియర్లు. గేమ్ అందులో తనకి నచ్చినది అడుగుతుంది. సరే అనుకున్నాకే వోల్టేజి మారుతుంది. ఈ భాష పేరు పవర్ డెలివరీ, కొట్లలో పీడీ అంటాం. సవర నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారు. అలాంటి ప్రాంతంలో పుట్టినవాడికి ఈ పోలిక తట్టకపోతే తప్పు.

మావాడికి మాటలతో కాకుండా కళ్ళతో చూపించాను. నా దగ్గర అగ్గిపెట్టె అంత యూఎస్‌బీ మీటరు ఒకటుంది. దాన్ని ఆ 65 వాట్ల పవర్ బ్యాంకుకీ స్విచ్‌కీ మధ్య పెట్టాం. మొదట 5.1 అని చూపించింది. కనురెప్ప వేసేలోగా అంకె 14.9కి ఎగిరింది. అంతే, అక్కడ కుదిరింది బేరం. వాడు స్విచ్‌లో ఆట మొదలుపెట్టగానే ఆంపియర్ల అంకె కాస్త పెరిగింది, ఆపగానే తగ్గింది. పవర్ బ్యాంకు దగ్గర 65 వాట్లున్నా స్విచ్ లాక్కున్నది 20 కూడా లేదు. మా అక్కకి వీడియో తీసి పంపాడు.

అంకెల్లోకి వస్తే, 2017లో వచ్చిన మొదటి స్విచ్‌తో ఇచ్చే చార్జర్ మీద రెండు లైన్లు అచ్చువేసి ఉంటాయి: 5 వోల్టులు 1.5 ఆంపియర్లు, 15 వోల్టులు 2.6 ఆంపియర్లు. అంటే 7.5 వాట్లు, 39 వాట్లు. ఆ 39 టీవీకి తగిలించే డాక్ కోసం. చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు అందులో సగం కూడా అక్కర్లేదు. పాత పవర్ బ్యాంకు 5 వోల్టులే ఇచ్చినా స్విచ్ చార్జింగ్ ఎక్కుతుంది. కాకపోతే ఆడుతూ ఉంటే నత్తనడక, బరువైన ఆటలకి ఒక్కోసారి ఎక్కిందంతా ఎక్కినట్టే కరిగిపోతుంది. పడుకోబెట్టి వదిలేస్తే హాయిగా నిండుతుంది.

ఇక్కడ కొనేవాళ్ళు పడే ఒక గుంట ఉంది. డబ్బా మీద ‘20 వాట్ల పీడీ’ అని ఉంటే చాలనుకుంటారు. పీడీ నియమాల ప్రకారం 27 వాట్ల లోపు ఉన్నవి 5, 9 వోల్టులు ఇస్తే చాలు, 15 ఉండాలన్న పట్టు లేదు. అది దాటాక 15 తప్పనిసరి. 45 దాటితే 20 కూడా. అందుకే స్విచ్ కోసం కొనేవాళ్ళకి నేను 30 వాట్లకి తక్కువది తీసుకోవద్దంటాను. పెద్దంకె మోజుతో చెప్పే మాట కాదు, ఆ 15 లైను కోసం. పవర్ బ్యాంకు వీపు మీద చీమ తలకాయంత అక్షరాలతో ‘అవుట్‌పుట్’ అని ఉండే వరసలో 15 కనిపించాలి. కళ్ళు ఆనకపోతే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నేనూ అదే చేస్తాను.

స్టీమ్ డెక్ అని ఇంకో చేతి గేమ్ ఉంది, దాని ఆకలి వేరు. దానితో వచ్చే చార్జర్ 45 వాట్లది. తక్కువదానికి పెడితే స్క్రీను మీద ‘స్లో చార్జర్’ అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 చార్జర్ 60 వాట్లది.

పెద్ద వాట్ల ఫోన్ చార్జింగ్ పేరుతో అమ్మే పవర్ బ్యాంకుల దగ్గర ఇంకో తిరకాసు. చాలా ఫోన్ కంపెనీలకి సొంత భాషలున్నాయి. డబ్బా మీద గర్జించే ఆ 65 వాట్లు ఆ కంపెనీ ఫోన్‌తోనే, ఆ కంపెనీ కేబుల్‌తోనే. గేమ్‌కి ఆ భాష రాదు కాబట్టి వేళ్ళ భాషలోకి దిగి 5 వోల్టుల దగ్గర ఆగిపోవచ్చు. ప్రమాదమేమీ లేదు. డబ్బులు దండగ, అంతే.

ఇక బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకె సంగతి చెప్పకపోతే మావాడు ఊరుకోడు. “నా స్విచ్ బ్యాటరీ 4310, పవర్ బ్యాంకు 20000. అంటే నాలుగున్నర సార్లు రావాలి కదా?” రాదు. ఎందుకంటే 20000 అన్నది లోపలి సెల్ దగ్గర, 3.7 వోల్టుల లెక్కలో. సెల్ 3.7 ఇస్తే బయటకి 5 గానీ 15 గానీ పంపాలి. ఆ పెంచడంలో కొంత వేడిగా పోతుంది. ఎంఏహెచ్ వదిలేసి వాట్ అవర్లలో లెక్కేస్తే మోసపోం. 20000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. దారిలో పోయింది పోగా చేతికొచ్చేది 60 పైచిలుకు. స్విచ్ బ్యాటరీ 16 వాట్ అవర్లు, అది లోపల నింపుకునేటప్పుడు పారేసుకునేది కూడా కలిపితే 18, 19. కాబట్టి మూడుసార్లు నిండి ఇంకొంచెం మిగులుతుంది. అదే పవర్ బ్యాంకు 40 వాట్ అవర్ల మొదటి స్టీమ్ డెక్‌ని ఒకసారి నింపి, రెండోసారి సగం చేరకముందే చేతులెత్తేస్తుంది. మంచి కంపెనీలు ఇదంతా దాచవు. 20000 కింద చిన్నగా ‘రేటెడ్ కెపాసిటీ’ అని 12000 దగ్గర్లో ఇంకో అంకె వేస్తాయి. నమ్మాల్సింది ఆ చిన్నంకెనే.

ఇప్పుడు ఆ చచ్చిపోయిన స్విచ్ దగ్గరకి.

తెచ్చింది పాలిటెక్నిక్ కుర్రాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, పవర్ బ్యాంకుని గుండెల మీద పెట్టుకుని ఆడేవాడట. స్విచ్‌కి చార్జింగ్ పోర్టు అడుగున ఉంటుంది. అలా పడుకుంటే పిన్ను పొట్టకి ఆనుకుని వంగిపోతుంది. కేబుల్ ఎక్కడో కొన్న పేరులేనిది, పిన్ను ఒదులు. ఒకరోజు ఆట మధ్యలో స్క్రీను ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. మూత విప్పి భూతద్దం కింద చూస్తే, చార్జింగ్ బేరాలు మాట్లాడే ఐసీ, అంటే చిప్పు మీద గుండుసూది మొనంత మచ్చ. రిపేర్లు చేసేవాళ్ళందరికీ తెలిసిన ఐసీ అది. స్విచ్‌లో పోయే వాటిలో ముందు వరసలో ఉంటుంది.

ఎలా పోయింది? టైప్-సి పిన్నులో ఒక వరసకి పన్నెండు చొప్పున రెండు వరసల్లో 24 తీగలుంటాయి. ఒకదానికీ పక్కదానికీ మధ్య దూరం అర మిల్లీమీటరు. ఆ వరసలో నాలుగోది కరెంటు మోసేది. దాని పక్కనే ఐదోది, మాటలు మోసే సీసీ. మాటల పిన్ను 5 వోల్టుల చుట్టుపక్కల బతికే సున్నితమైన ప్రాణి. పక్కింట్లో 9 వోల్టులో 15 వోల్టులో పారుతున్నప్పుడు వంకరగా వంగిన పిన్నో, లోపల ఇరుక్కున్న చెమ్మ, దుమ్ము ముద్దో ఆ రెంటినీ కలిపితే కరెంటు నేరుగా మాటల ఐసీ నెత్తిన పడుతుంది. అక్కడితో సరి. పవర్ బ్యాంకు 20 వాట్లదా 65 వాట్లదా అన్న పట్టింపు ఆ ఐసీకి లేదు. ఇంచుమించు ఈ జబ్బుతోనే 2018లో ఇతర కంపెనీలు చేసిన కొన్ని డాక్‌ల మీద పెట్టిన స్విచ్‌లు పోయాయని విదేశాల్లో పెద్ద గొడవైంది.

అందుకే నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మనిషి పవర్ బ్యాంకు కాదు, కేబుల్. ఇద్దరి మధ్య మాట మోసే దుబాసీ అదే. ఇద్దరూ మర్యాదస్తులైనా దుబాసీ అబద్ధమాడితే తలకాయలు పగులుతాయి. కేబుల్ అబద్ధాలాడే పద్ధతులు కొన్ని తెలిసిపోయాయి. ఒక చివర పాత వెడల్పు పిన్ను, ఇంకో చివర టైప్-సి ఉండే కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టాలి. “నా వెనక ఉన్నది మామూలు పోర్టు, మరీ ఎక్కువ లాగకు” అని గేమ్‌కి చెప్పే చీటీ అది. చవక కేబుళ్ళలో దాని బదులు 10 కిలో ఓమ్‌లది పడేస్తారు. దాని అర్థం “3 ఆంపియర్లు లాగినా పర్వాలేదు” అని. అవతల ఉన్నది ఒక ఆంపియరు పాత పవర్ బ్యాంకైతే అది ఉడికిపోతుంది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ ల్యూంగ్ 2015లో ఆన్‌లైన్లో అమ్మే టైప్-సి కేబుళ్ళని ఒక్కొక్కటే కొని పరీక్షించి ఏది మంచిదో ఏది చెడ్డదో రాయడం మొదలుపెట్టాడు. 2016 ఫిబ్రవరిలో అలాంటి ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే చంపేసింది. అందులో ప్లస్సూ మైనస్సూ తిరగేసి అతికించారు! రెండు నెలలు తిరక్కుండా అమెజాన్ ప్రమాణాలకి లోబడని టైప్-సి కేబుళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. అయినా జాతర్లలో గుట్టగా పోసి అమ్మే కేబుళ్ళకి ఆ నిషేధాల గొడవ చేరలేదు.

మరి ఏం వాడాలి? రెండు చివరలా టైప్-సి ఉన్న, కాస్త పేరున్న కంపెనీ కేబుల్. 60 వాట్లదైతే ఇక్కడ చెప్పిన ఏ గేమ్‌కైనా చాలు. 100 వాట్ల కేబుల్‌లో చిన్న చిప్పు ఉండి, ‘నేను 5 ఆంపియర్లు మోయగలను’ అని తన గురించి తానే చెప్పుకుంటుంది. ఖర్చెక్కువ, స్విచ్‌కి అవసరం లేదు. మావాడికి నేనిచ్చింది ఎల్ ఆకారంలో పిన్ను మడత తిరిగి ఉండే కేబుల్, పొట్టకి ఆనినా వంగదు. పెట్టేటప్పుడు ‘టక్’మని కూర్చోవాలి. గేమ్‌ని ఎత్తితే కేబుల్ బరువుకి పిన్ను జారుతుంటే ఆ కేబుల్ పని అయిపోయినట్టే.

పాతకాలం ఆటలు ఆడించే చవక చేతి మెషీన్లకి కథ తిరగబడుతుంది. తొంభైల్లో పెన్సిల్ సెల్స్ వేసుకుని ‘9999 ఆటలు’ అని రాసున్న బ్రిక్ గేమ్ ఆడిన మా తరంవాళ్ళు ఇప్పుడు వీటిని కొంటున్నారు. తెచ్చి ఒకటే ఫిర్యాదు: “కొత్త పవర్ బ్యాంకు, కొత్త కేబుల్, అయినా ఎక్కదు.” పాడైంది ఏదీ లేదు. ‘నేను పుచ్చుకునేవాణ్ణి’ అని చెప్పడానికి టైప్-సి పోర్టులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. పైసలు కూడా ఖరీదు చేయని ఆ రెంటినీ చాలా చవక మెషీన్లలో మింగేస్తారు. రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే పవర్ బ్యాంకు పలకరింపుకి అటు నుంచి ఉలుకూ పలుకూ ఉండదు కాబట్టి అదేమీ ఇవ్వదు. పాత వెడల్పు పిన్ను కేబుల్ పెట్టండి, అటువైపు పోర్టు అడక్కుండానే 5 వోల్టులు ఇస్తుంది, ఎక్కుతుంది. ఇలాంటివాటికి 5 వోల్టులు, 2 ఆంపియర్లు చాలు.

కేబుల్ తర్వాత నా అనుమానం సెల్ మీద. పోయిన ఏడు ఒక పెద్దాయన 20000 ఎంఏహెచ్ అని రాసున్న పవర్ బ్యాంకు తెచ్చాడు. ఫోన్ ఒకసారి కూడా నిండటం లేదట. చేత్తో ఎత్తితేనే తేడా తెలిసింది. కొట్టు పక్కన కూరగాయలమ్మే పిన్ని దగ్గర ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. “ఏటి బాబూ, దుంపలనుకున్నావేటి దాన్ని?” అని నవ్వింది. కాటా 210 గ్రాములు చూపించింది. బరువు అబద్ధమాడదు. ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే గొట్టం లాంటి సెల్ ఒకటి 45 గ్రాముల పైన తూగుతుంది. 2600 ఎంఏహెచ్ సెల్స్‌తో 20000 కావాలంటే ఎనిమిది కావాలి, అంటే సెల్సే 360 గ్రాములు దాటాలి. ఎంత మేలురకం సెల్ వేసినా 300 గ్రాముల లోపు 20000 రావడం కష్టం. విప్పి చూస్తే రెండు సెల్స్ నిజమైనవి, మూడోది ఖాళీ గొట్టంలో ఇసుక పోసి మూత అతికించింది. ఆ ఇసుక గొట్టం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. నమ్మనివాళ్ళకి చూపిస్తుంటాను.

మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకుకి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీపు మీద ఆ గుర్తు, ఇంగ్లిష్ ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉండాలి. గుర్తు ఎవడైనా అచ్చువేసుకోవచ్చు కాబట్టి ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడాలి. తయారుచేసినవాడి పేరు వేరే వస్తే, అసలేమీ రాకపోతే అక్కడే తిరిగిచ్చేయండి. దీనికి పట్టేది ఒక్క నిమిషం. అలాగని మంచి పేరున్నది కొంటే ఇక నిశ్చింత అనుకోకండి. 2025లో పేరుమోసిన కంపెనీలే సెల్స్‌లో లోపం ఉందని లక్షల పవర్ బ్యాంకులు వెనక్కి పిలిపించుకున్నాయి. కొన్న మోడల్ నంబరు ఒక చోట రాసిపెట్టుకోవడం మంచిది.

వేడి గురించి అందరూ చెబుతారు గానీ ఎంత శక్తి గురించి మాట్లాడుతున్నామో ఎవరూ చెప్పరు. 74 వాట్ అవర్లంటే లీటరు నీళ్ళని 30 డిగ్రీల నుంచి 90 దాటించి కాచగల శక్తి. నలుగురికి టీ. అది మెల్లగా బయటకొస్తే ఆట, ఒక్కసారిగా బయటపడితే మంట. లోపల ఒక సెల్ అదుపు తప్పితే దాని వేడి పక్క సెల్‌ని రెచ్చగొడుతుంది, అది ఇంకోదాన్ని. అందుకని రైలు బెర్త్ మీద దిండు కింద పెట్టుకుని చార్జింగ్ చేయడం నాకు బొత్తిగా ఇష్టంలేని పని. మామూలుగా పనిచేస్తున్న పవర్ బ్యాంకు కూడా వోల్టేజి పెంచేటప్పుడు రెండు మూడు వాట్లు వేడి వదులుతుంది. గాలి తగిలితే అది ఎటో పోతుంది. దుప్పట్లో చుడితే ఎక్కడికి పోతుంది? కిటికీ పక్కన చిన్న టేబుల్ మీద, లేదా వలసంచీలో వేలాడదీసి పెట్టండి. నిద్రొస్తే పిన్ను తీసేసి పడుకోండి. కొరాపుట్ వైపు వెళ్ళే సొరంగాల దారిలో సిగ్నల్ లేక అందరూ ఆటల మీద పడతారు, అప్పుడు కూడా ఇదే మాట.

ఎండ సంగతి వేరే. స్విచ్ వాడాల్సిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలని నింటెండో చెబుతుంది. మా దగ్గర మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 పైన. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో నింపకూడదు. ఆట వేడి, చార్జింగ్ వేడి, ఎండ వేడి మూడూ కలిస్తే ఫ్యాను గింగిర్లు తిరుగుతుంది, చార్జింగ్ తనంతట తానే ఆగిపోతుంది కూడా. బాగుచేయమని నా దగ్గరకి తేవక్కర్లేదు, నీడకి తీసుకెళ్ళండి. కారు డాష్‌బోర్డు మీద వదిలేసి మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్ళి వచ్చేసరికి ఉబ్బిన పవర్ బ్యాంకులు నేను రెండు చూశాను.

కరెంటు కోతల్లో కొందరు పవర్ బ్యాంకుని గోడకి పెట్టి, దాని రెండో చివర గేమ్ తగిలించి ఇన్వర్టర్‌లా వాడతారు. ఒకే సమయంలో నిండటం, ఇవ్వడం రెండూ చేస్తే లోపలి వేడి రెండింతలు. పైగా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బేరం మళ్ళీ మొదటినుంచి మొదలై గేమ్‌కి సరఫరా ఒక క్షణం తెగుతుంది. రెండు పోర్టులున్న వాటిలో రెండో ఫోన్ పెట్టినా ఇదే తంతు. 65 వాట్లు ఇద్దరికీ పంచుకోవాలి కాబట్టి మళ్ళీ మాటలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పర్లాకిమిడిలో మా చిన్నాన్న ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఉన్న ఒక్క పవర్ బ్యాంకు ఏడాదిగా అల్మరాలో పడి ఉంది. తీసి నొక్కితే ఒక్క లైటూ వెలగలేదు. వాడకుండా పడేస్తే సెల్ తనలో తానే ఖాళీ అవుతుంది. మరీ అడుగంటితే లోపలి రాగి కరిగి, తర్వాత నింపినా షార్ట్ అయ్యే ప్రమాదం మిగులుతుంది. దాచేటప్పుడు సగం పైన నింపి దాచాలి, మూడు నెలలకోసారి చూసుకోవాలి. స్విచ్‌కి కూడా ఆర్నెల్లకోసారైనా చార్జింగ్ పెట్టమని నింటెండో చెబుతుంది. ఇక తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది: ఆ రోజు పవర్ బ్యాంకు ఫోన్లకి, గేమ్‌కి కాదు. ఒక స్విచ్‌ని నింపే కరెంటుతో మామూలు ఫోన్ ఇంచుమించు ఒకసారి నిండుతుంది.

విశాఖలో విమానం ఎక్కేవాళ్ళకి ఒక్క మాట. 100 వాట్ అవర్ల దాకా అడక్కుండా తీసుకెళ్ళొచ్చు, అంటే దాదాపు 27000 ఎంఏహెచ్. అది దాటితే 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. ఏదైనా చేతిసంచీలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు.

పవర్ బ్యాంకు ఉబ్బిందంటే ఇక దాని జోలికి పోవద్దు. లోపలి ద్రవం విరిగి గ్యాసయ్యింది. నొక్కి చదును చేద్దామని, సూదితో గాలి తీద్దామని చూసినవాళ్ళు నాకు తెలుసు. చార్జింగ్ పిన్ను తీసి, అంటుకునేవేవీ దగ్గర లేని చోట పెట్టండి. నిప్పంటుకుంటే మీరు దూరం జరిగి, అది గోడకి తగిలించి లేదని చూసుకుని, నీళ్ళు ధారాళంగా పోయండి. మంటని మించి ఆ వేడి చల్లారడం ముఖ్యం. చెత్తబండిలో మాత్రం వేయకండి. లారీలో నలిగితే అక్కడ అంటుకుంటుంది.

నా కొట్టు వెనక, గోడ నీడన, ఒక ఇనప బకెట్టులో ఇసుక పోసి ఉంచాను. ప్రస్తుతం అందులో నాలుగున్నాయి. పాత బ్యాటరీలు తీసుకెళ్ళే అతను విశాఖ నుంచి వ్యాను వేసుకుని నెలకోసారి వస్తాడు.